గ్యాస్ బండ ఎక్కువ రోజులు రావాలంటే: వంటలోనూ, నీళ్లు కాచడంలోనూ ఏం చేయాలి

"ఇదివరకు బండ నెలన్నర వచ్చేది, ఇప్పుడు నెలకే అయిపోతోంది, ఏం చేయాలి?" అని తరచూ అడుగుతున్నారు. "గీజర్ వల్లే కరెంటు బిల్లు పెరిగిందా?" అన్నది రెండో ప్రశ్న. రెండింటికీ జవాబు ఇందులో ఉంది. వరసగా చదివి, వరసగానే చేయండి. మొదటి రెండు మెట్లు వదిలేసి అయిదో దానికి వెళ్తే తేడా వచ్చిందో లేదో మీకే తెలియదు.

## 1. ముందు కొలత మొదలుపెట్టండి

కొత్త బండ తగిలించిన రోజే మార్కర్‌తో దాని మీద తేదీ రాయండి. క్యాలెండర్‌లో రాస్తే నెల తిప్పేశాక మర్చిపోతాం. బండ మీదే ఉంటే రోజూ కనబడుతుంది.

ఇంటికి వాడే బండలో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు దాని మీదే ముద్రించి ఉంటుంది. ఆ రెండూ కలిపితే రావాల్సిన మొత్తం బరువు తెలుస్తుంది. బండ తెచ్చినవాళ్లను అక్కడే తూచి చూపించమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. మా ఇంట్లో ఒంటి బరువు చూసుకునే మిషన్ మీద వారానికోసారి బండను నిలబెడతాం. దానికి ముందు రెగ్యులేటర్ ఆపి, తీసి పక్కన పెడతాం.

కరెంటుకైతే మీటర్ రీడింగ్ వారానికోసారి ఫోన్‌లో ఫొటో తీస్తే చాలు.

## 2. పొయ్యి ఆరోగ్యం చూడండి

పోయినేడు మా బండ నెల తిరక్కుండానే ఖాళీ అయింది. ముందు లీకేజీ అనుకున్నాం, తరవాత తూకంలో మోసమేమో అనుకున్నాం. గిన్నెలు తోముతుంటే అసలు సంగతి బయటపడింది. ఎడమ పొయ్యి మీద పెట్టిన గిన్నెలన్నిటికీ అడుగున మసి ఉంది, కుడి పొయ్యి మీదవి శుభ్రంగా ఉన్నాయి. ఎప్పుడో సాంబారు పొంగి ఎడమ బర్నర్ చిల్లుల్లో సగం పూడుకుపోయాయి. ఇంతాచేసి పిన్నీసుతో పావుగంట పని!

మంట నీలంగా, చిల్లు చిల్లుకీ విడిగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతూ ఉంటే గ్యాస్ పూర్తిగా మండడం లేదని అర్థం. గిన్నె అడుగున మసి అంటే మండకుండా పోయిన ఇంధనమే. ఒక్క మినహాయింపు ఉంది. ఉప్పు నీళ్లు పడినప్పుడు మంట కాసేపు నారింజ రంగులో మెరుస్తుంది. అది ఉప్పులోని సోడియం రంగు, పొయ్యి పాడైనట్టు కాదు.

శుభ్రం చేసే వరస ఇది:

- రెగ్యులేటర్ ఆపండి. బర్నర్ పూర్తిగా చల్లారాక తీయండి.
- వేణ్నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.
- చిల్లులు ఒక్కొక్కటీ పిన్నీసుతో తీయండి. గుచ్చి తిప్పకండి, చిల్లు పెద్దదైతే మంట చెడుతుంది.
- పూర్తిగా ఆరాకే బిగించండి. తడి బర్నర్ మంట కూడా పసుపుగానే ఉంటుంది.

ఇంత చేసినా పసుపు మంట పోకపోతే లోపల జెట్‌లోనో, గాలి వెళ్లే దారిలోనో అడ్డం ఉన్నట్టు. అది మెకానిక్ పని, మీరు విప్పకండి.

లీకేజీ అనుమానం ఉంటే ట్యూబుకీ, రెగ్యులేటర్‌కీ సబ్బు నురుగు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. వాసన గట్టిగా వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకేజీ ఫిర్యాదులకు ఉన్న నంబరు అది.

కొత్త పొయ్యి కొనే ఆలోచన ఉంటే ఐఎస్ఐ గుర్తు చూడండి. ఆ ప్రమాణం ప్రకారం మంట వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. అది పరీక్షా కేంద్రంలో వచ్చే అంకె. మన వంటింట్లో ఫ్యాను గాలికీ, మూత లేని గిన్నెకీ అంత రాదు.

## 3. వెలిగించే ముందే పని పూర్తి చేయండి

పొయ్యి మీద బాణలి పెట్టి, నూనె పోసి, అప్పుడు ఉల్లిపాయ కోసం వెతుకుతాం. ఆ అయిదు నిమిషాల మంట ఎవరికీ పనికిరాదు.

- కందిపప్పు అరగంట, బియ్యం ఇరవై నిమిషాలు నానాలి. శనగలు, రాజ్మా అయితే రాత్రే నానబెట్టాలి.
- కూరగాయ ముక్కలన్నీ ఒకే సైజులో కోయాలి. ఒక పెద్ద ముక్క ఉడకడం కోసం మిగతావన్నీ ఎదురుచూడకూడదు.
- ఫ్రిజ్‌లోని పిండి, మిగిలిన కూర అరగంట ముందే బయట పెట్టాలి. ఎండాకాలంలో పాలకు మాత్రం ఇది పనికిరాదు.
- పోపు గింజలు, చింతపండు పులుసు, ఉప్పు, కారం చేతికందేలా ఉండాలి.

నానబెట్టినా పప్పు ఉడకడం లేదంటే రెండు కారణాలు చూడండి. ఒకటి, బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును త్వరగా మెత్తబడనివ్వవు. పప్పు వరకు తాగే నీళ్లు వాడి చూడండి. రెండు, పులుపు. చింతపండు, టమాటా, మామిడికాయ ముందే వేస్తే పప్పు గట్టిగానే ఉండిపోతుంది. పప్పు ఉడికాకే పులుపు వేయాలి.

## 4. గిన్నె, మూత, మంట

మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకుతుంటే ఆ దాటిన మంట వంటింటిని వేడెక్కించడానికే. చిన్న గిన్నెకు చిన్న బర్నర్ వాడాలి. చిన్న బర్నర్ మీద ఆలస్యమవుతుందని టీ గిన్నెను పెద్దదాని మీద పెట్టడమే చాలా ఇళ్లలో జరిగే తప్పు.

మూత సంగతి అందరికీ తెలుసు, అయినా పెట్టం. "కలపాలి కదా" అంటాం. కలిపేటప్పుడు తీసి మళ్లీ పెట్టొచ్చు. పొంగుతుందనే భయముంటే మూతను కాస్త ఓరగా పెట్టండి.

సీలింగ్ ఫ్యాను గాలి మంటను పక్కకు తోస్తుంటే ఫ్యాను ఆపండి. కిటికీ మాత్రం మూయకండి, వంటింట్లోకి గాలి రావాలి. గాలి తగలకుండా పొయ్యి చుట్టూ రేకు కట్టడం కూడా వద్దు. బర్నర్‌కు గాలి అందదు, కింద ట్యూబు వేడెక్కుతుంది.

## 5. ఎసరు మరిగాక మంట ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువ ఆదా ఇక్కడే ఉంది.

ఎసరు తెర్లడం మొదలయ్యాక మీరు ఎంత మంట పెట్టినా నీళ్ల వేడి 100 డిగ్రీలు దాటదు. సన్న మంట మీద మెల్లగా ఉడుకుతున్న పప్పూ, పెద్ద మంట మీద కుతకుతలాడుతున్న పప్పూ ఒకే వేడిలో ఉన్నాయి. పెద్ద మంట మీద అదనంగా పుట్టేది ఆవిరి ఒక్కటే. ఆ ఆవిరి ఖరీదు తక్కువ కాదు. లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరుగు దాకా తేవడానికి పట్టే వేడికి ఏడు రెట్లు, అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి పడుతుంది. మూత లేని గిన్నె మీద లేచే పొగంతా మీరు డబ్బు పెట్టి కొన్న వేడే.

కాబట్టి మరుగు వచ్చేదాకా మూత పెట్టి పెద్ద మంట, వచ్చిన మరుక్షణం సిమ్.

అన్నం. గంజి వార్చే పద్ధతిలో ఎసరు ఎక్కువ పెడతాం, దాన్నంతా కాచి, ఆ వేడి నీళ్లే పారబోస్తాం. రోజువారీ వంటకు అత్తెసరు మేలు. గ్లాసు పాత బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, నానిన బియ్యమైతే కాస్త తక్కువ. నీళ్లు ఇంకి, అన్నం మీద చిన్న చిన్న గుంటలు కనబడగానే పొయ్యి కట్టేయండి. మూత తీయకుండా పది నిమిషాలు వదిలేస్తే ఆ వేడికే ఉమ్మగిల్లుతుంది. గంజి తాగేవాళ్లు, చక్కెర వ్యాధి ఉండి వార్చిన అన్నమే కావాలనుకునేవాళ్లు వార్చుకోండి, అది వేరే లెక్క.

కుక్కర్. మూత బిగించి ఒత్తిడి పెరిగాక లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే త్వరగా ఉడుకుతుంది. విజిల్ వచ్చిందంటే మీరు కష్టపడి పెంచిన ఆవిరి బయటికి పోతోందని అర్థం. మనకేమో విజిళ్లు లెక్కపెట్టడం అలవాటు. మా అత్తయ్య లెక్క నాలుగు, నా లెక్క మూడు, పక్కింటివాళ్లది ఆరు. అందరి పప్పూ ఒకలాగే ఉడుకుతుంది.

విజిళ్లు మానేసి గడియారం చూడండి:

1. అడుగున గ్లాసున్నర నీళ్లు పోసి, కింద గిన్నెలో పప్పు, పైన గిన్నెలో బియ్యం పెట్టండి. రెండూ ఒకే మంటకు అవుతాయి. పప్పు గిన్నె సగానికి మించకూడదు, మీద చుక్క నూనె వేస్తే నురుగు పొంగదు.
2. ఆవిరి ధారగా రావడం మొదలయ్యాక వెయిట్ పెట్టండి.
3. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టండి. అక్కడి నుంచి నానిన కందిపప్పుకు ఆరేడు నిమిషాలు చాలు.
4. కట్టేసి, ఒత్తిడి దానంతటదే దిగేదాకా ఆగండి. ఆ పది నిమిషాలూ లోపల వంట సాగుతూనే ఉంటుంది. వెయిట్ ఎత్తి ఆవిరి వదిలితే ఆ వంట పోయినట్టే, చెయ్యి కాలినా కాలుతుంది.

అన్నం ముద్దవుతుంటే రెండోసారి పైగిన్నెలో నీళ్లు తగ్గించండి, సమయం కాదు.

కుక్కర్ విజిల్ రాకుండా పక్కల నుంచి ఆవిరి కారుతుంటే రబ్బరు వదులైనట్టు. ఆ పూట గడవాలంటే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి బిగించండి. అది ఒక్క పూటకే, కొత్తది కొనాల్సిందే. వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో ప్రతిసారీ చూడండి. అది పూడుకుపోతే ఇంధనం సంగతి అటుంచి ప్రాణానికే ముప్పు.

## 6. టిఫిన్లు, వేపుళ్లు, టీ

ఇడ్లీ పాత్రలో నీళ్లు రెండు గ్లాసులు చాలు, పాత్ర నిండా పోయక్కర్లేదు. ప్లేట్లన్నీ ఒకే వాయిలో పెట్టండి. దోసెలు అందరికీ ఒకేసారి పోయండి, పెనం రెండుసార్లు కాల్చడం దండగ. ఇనప పెనమైతే చివరి రెండు దోసెలు బాగా తగ్గించిన మంట మీదే అయిపోతాయి.

వేపుళ్లకు మొదట మూత పెట్టి మగ్గించి, ముక్క మెత్తబడ్డాక మూత తీసి వేయించండి. మొదటి నుంచీ మూత తీసి వేయిస్తే నూనె కూడా ఎక్కువ తాగుతుంది.

టీకి నీళ్లు కప్పుతో కొలిచి పోయండి. అంతే.

## 7. తాగే నీళ్లు కాచడం

వానాకాలం రాగానే "కాచి చల్లార్చిన నీళ్లే తాగండి" అంటారు. ఎంతసేపు కాచాలో ఎవరూ చెప్పరు. అందుకే ఇరవై నిమిషాలు మరిగించే ఇళ్లు చాలా ఉన్నాయి.

నీళ్లు పెద్ద బుడగలతో కదిలి కదిలి తెర్లడం మొదలైతే రోగాలు తెచ్చే క్రిములు చచ్చినట్టే. అక్కడి నుంచి ఒక్క నిమిషం ఉంచి కట్టేయొచ్చు. 2000 మీటర్లకు పైన ఉండే ఊళ్లలో మూడు నిమిషాలు ఉంచమంటారు. అరకులో ఉన్నవాళ్లకు కూడా ఒక్క నిమిషం చాలు. అడుగున సన్న బుడగలు కనబడగానే మరిగిందనుకోకండి, అది మరుగు కాదు.

అయిదు లీటర్లు మరుగుకు రావడానికి సుమారు 55, 60 గ్రాముల గ్యాస్ పడుతుంది. ఆపైన పది నిమిషాలు పెద్ద మంట మీద వదిలేస్తే ఇంకో 25, 30 గ్రాములు ఊరికే పోతాయి.

- మూత పెట్టి కాచండి, అదే గిన్నెలో మూతతోనే చల్లారనివ్వండి. వేరే గిన్నెలోకి వంపితే మళ్లీ క్రిములు చేరొచ్చు.
- ఆ రోజుకు ఎన్ని కావాలో అన్నే కాచండి.
- ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పదనం కాస్తే పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ అవి ఇంకాస్త చిక్కబడతాయి. నల్లగొండ వైపు బోరు నీళ్లను ఎంత మరిగించినా ఫ్లోరైడ్ తగ్గదు.

ఒకటి రెండు కప్పుల వేణ్నీళ్లకు ఎలక్ట్రిక్ కెటిల్ మంచిది. లీటరుకు యూనిట్‌లో పదో వంతు ఖర్చవుతుంది. లోపల తెల్లటి పొర పేరుకుంటే నిమ్మఉప్పు వేసిన నీళ్లు కాచి, అరగంట ఉంచి కడగండి.

## 8. స్నానం నీళ్లు

బండ త్వరగా అయిపోతోందన్నవాళ్లను నేను ముందు అడిగేది, "స్నానానికి నీళ్లు గ్యాస్ మీద పెడతారా?" అని.

ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి గ్యాస్ మీదైతే సుమారు 45, 50 గ్రాములు పడుతుంది. నలుగురికి నాలుగు బకెట్లు, నెలకు ముప్పై రోజులు. అయిదున్నర కిలోల పైమాటే, అంటే బండలో మూడో వంతుకు పైగా స్నానాల గదికి పోతోంది. ఇక వంటకు ఎన్ని రోజులొస్తుంది?

అదే బకెట్‌కు కరెంటుతో అయితే యూనిట్‌లో మూడో వంతు. డిసెంబరులో ఆదిలాబాద్ చలికి నీళ్లు 15 డిగ్రీలకు దిగితే అర యూనిట్ దాటుతుంది.

గ్యాస్ మీదే కాచాల్సి వస్తే. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు పోసుకోవడంలో తప్పు లేదు. లెక్కకు రెండూ ఒకటే. తప్పు వాటిని మరగనివ్వడంలో ఉంది. మూత పెట్టండి, అడుగున సన్న బుడగలు రాగానే దించండి.

రాడ్. 1500 వాట్ల రాడ్ బకెట్ నీళ్లను పావుగంటలో స్నానానికి తగ్గట్టు చేస్తుంది, వేడంతా నీళ్లకే చేరుతుంది. ఖర్చు తక్కువే, ప్రమాదం మాత్రం ఎక్కువ. స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లలో వేలు పెట్టాలి. ఇనప బకెట్‌లో వాడకూడదు, రాడ్ మీది గీత దాకా నీళ్లుండాలి, పిల్లలు తిరిగేచోట అసలు వద్దు. "వేడెక్కాయా?" అని చేయి పెట్టి చూసే అలవాటు ఉన్నవాళ్లు రాడ్ కొనకపోవడమే మంచిది.

గీజర్. 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్ నీళ్లను 25 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి పదిహేను, పదహారు నిమిషాలు చాలు. గంట ముందు ఆన్ చేసి పెట్టడం వృథా. ఇంట్లో అందరి స్నానాలూ వెంటవెంటనే అయిపోవాలి. ఒకరు ఆరింటికి, ఒకరు తొమ్మిదింటికి చేస్తే మధ్యలో చల్లారిందంతా మళ్లీ కాచాలి. కొనేటప్పుడు బీఈఈ స్టార్ లేబుల్ చూడండి. ఎక్కువ నక్షత్రాలుంటే ట్యాంకులో వేడి నిలుస్తుందని అర్థం.

ఎండ. మన ఎండల్ని మించిన గీజర్ లేదు. మే నెలలో రెంటచింతలలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. చలికాలంలోనూ పగటి ఎండకు మేడమీది నల్ల ట్యాంకు నీళ్లు కాస్త వెచ్చబడతాయి. మధ్యాహ్నం మూడింటికి బకెట్లు పట్టి మూత పెట్టి ఉంచితే సాయంత్రం స్నానానికి కాచే పని చాలావరకు తప్పుతుంది. సొంత మేడ ఉంటే సోలార్ హీటర్ ఆలోచించండి. అద్దె ఇంటివాళ్లకు బకెట్లే గతి.

## 9. గ్యాసా, ఇండక్షనా?

ఏది చవకో నేను చెప్పలేను, మీ బిల్లే చెప్పాలి. లెక్క ఇది: ఒక బండ చేసే వంటను ఇండక్షన్ మీద చేయడానికి సుమారు 130 యూనిట్లు పడుతుంది. మీ బిల్లులో చివరి శ్లాబు యూనిట్ ధరను 130తో గుణించండి. వచ్చింది బండ ధర కంటే తక్కువైతే ఇండక్షన్ లాభం. సగటు ధర తీసుకోకండి. అదనంగా కాల్చే యూనిట్లు పడేది పై శ్లాబులోనే.

తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వర్తించే ఇళ్లవాళ్లు నెలకు 200 యూనిట్ల హద్దును దృష్టిలో పెట్టుకోవాలి. వాడకం 120 దగ్గరుంటే నీళ్లు, పాలు, పప్పు ఇండక్షన్‌కు మార్చొచ్చు. 190 దగ్గరున్నవాళ్లు మారిస్తే సున్నా బిల్లు చేజారుతుంది.

కొనే ముందు ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం తీసుకెళ్లి మీ గిన్నెల అడుగున పెట్టి చూడండి. అంటుకుంటే పనికొస్తుంది. అల్యూమినియం, రాగి గిన్నెలు పనికిరావు, కొన్ని స్టీలువి కూడా అంటుకోవు. ప్లగ్ 16 ఆంపియర్ల పెద్ద సాకెట్‌లోనే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. వంట కాగానే ప్లగ్ పీకేయకండి, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉంచండి. పుల్కాలకు, వంకాయ కాల్చడానికి ఎలాగూ గ్యాసే కావాలి.

## 10. గోడకు అంటించుకునే చిట్టా

రోజూ:
- నానబెట్టాల్సినవి నానాయా?
- ముక్కలు కోశాకే పొయ్యి వెలిగిందా?
- మరుగు రాగానే సిమ్ అయిందా?
- గీజర్ స్విచ్ ఆపారా? (ఇది బాత్‌రూమ్ తలుపుకు కూడా అంటించండి)

వారానికోసారి:
- బండ బరువు, మీటర్ ఫొటో.
- మంట రంగు, గిన్నెల అడుగు.
- కుక్కర్ రబ్బరు, గొట్టం.

నెలకోసారి:
- బర్నర్ నానబెట్టి తోమడం.
- ట్యూబుకు సబ్బు నురుగు పరీక్ష. ట్యూబు మీద ఉన్న గడువు కూడా చూడండి, సురక్షా ట్యూబును అయిదేళ్లకు మార్చాలి.
- కెటిల్, రాడ్ మీద తెల్ల పొర తీయడం.

బండ మారినప్పుడు:
- పాత బండ ఎన్ని రోజులొచ్చిందో కొత్తదాని మీద, ఇవాళ్టి తేదీ కింద రాయడం. మార్కర్ చెరిగిపోతుంటే తడిగుడ్డతో బండ తుడిచి, ఆరాక రాయండి.